అదే తిండి, అదే మనిషి, మరి ఈ బరువెక్కడిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు తిరగేస్తుంటే నలభై, యాభై దాటినవాళ్లవే ఎక్కువ కనిపించాయి. "మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తిని ఖర్చుచేసే వేగం, మందగించిందట, ఇక ఏం చేసినా బరువు తగ్గదట" అన్న మాట ఏదో ఒక రూపంలో చాలా ఉత్తరాల్లో ఉంది. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, ఎందుకంటే ఆ ఇంటి కథే చాలా ఇళ్లలో నడుస్తోంది.

*మేడమ్ గారూ, నమస్తే. నాకు 47 ఏళ్లు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 69 కిలోలు. అయిదేళ్ల కిందట 60 ఉండేదాన్ని. తిండి ఏమీ పెరగలేదు, ఇంకా తగ్గించాను కూడా. పొద్దున కాఫీ, రెండు ఇడ్లీలో ఒక దోసెనో, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, కాస్త పప్పు, కొంచెం పెరుగు, సాయంత్రం టీ, రాత్రి రెండు చపాతీలు. ఇంతే. రెండేళ్లుగా నెలసరి సరిగా రావడం లేదు. రామ్‌నగర్‌లో మూడో అంతస్తులో అద్దెకున్నప్పుడు ఈ బాధ లేదు, నాగోల్‌లో ఫ్లాట్ కొనుక్కుని వచ్చాకే మొదలైంది. ఇక్కడి నీళ్లు పడలేదేమో అంటారు మా అత్తగారు. ఆఫీసులోనేమో నలభై దాటాక మెటబాలిజం పడిపోతుంది, అది మన చేతిలో లేదు అంటున్నారు. నిజమేనా? — ఒక ఉద్యోగిని, నాగోల్*

అమ్మా, ముందు ఆ ఆఫీసు మాట సంగతి తేల్చేద్దాం. 2021లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషులు, ఎనిమిది రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా, రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో ఒక ప్రత్యేకమైన నీళ్లు తాగించి, ఆ తర్వాత మూత్రం పరీక్షించి లెక్కగట్టారు. శరీరం సైజును, కండను పరిగణనలోకి తీసుకుని చూస్తే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. అరవై దాటాకే తగ్గడం మొదలై, ఏడాదికి 0.7 శాతం చొప్పున దిగుతూ పోయింది. ఆడవాళ్లలో నెలసరి ఆగే వయసులో కూడా ప్రత్యేకంగా పడిపోయినట్టు కనిపించలేదు. అంటే 47 ఏళ్లకు మీ ఒంట్లో పొయ్యి ఆరిపోలేదు. అది మీకు ముందు తెలియాలి, ఎందుకంటే "నా చేతిలో లేదు" అనుకున్న మనిషి ప్రయత్నం ఆపేస్తుంది.

మరి తొమ్మిది కిలోలు ఎలా వచ్చాయి? మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది, రామ్‌నగర్, మూడో అంతస్తు అని. మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాను కదా, అప్పుడు మీరు చెప్పినవే ఇక్కడ మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆ ఇంటికి లిఫ్టు లేదు, రోజుకు కనీసం నాలుగుసార్లు మెట్లు ఎక్కి దిగేవారు. తడి బట్టల బకెట్టు డాబా మీదికి మోసుకెళ్లి ఆరేసేవారు. బస్టాపుకు నడక, బస్సులో నిలబడి ప్రయాణం. ఇప్పుడు అయిదో అంతస్తుకు లిఫ్టు ఉంది, బట్టలు బాల్కనీలోనే మెషీన్ దగ్గర ఆరుతున్నాయి, మెట్రో స్టేషన్ దాకా మీవారు బండి మీద దింపుతున్నారు, అక్కడా ఎస్కలేటరే. కూరగాయలు కూడా ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మం ముందుకొస్తున్నాయి. వీటిలో ఏదీ తప్పు కాదు, పాతికేళ్లు కష్టపడి సంపాదించుకున్న సుఖం అది. కానీ మీరు ఎప్పుడూ వ్యాయామం అని పిలవని పని ఒకటి రోజూ గంటకు పైగా జరిగేది, అది నిశ్శబ్దంగా ఆగిపోయింది. పళ్లెంలో అన్నం కాస్త తగ్గించినా, ఆగిపోయిన ఆ పనికి సరిపడా తగ్గలేదు.

మోటుగా లెక్క వేస్తే, కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు. అయిదేళ్లలో తొమ్మిది కిలోలంటే ఏడాదికి రెండు కిలోలకు కాస్త తక్కువ, అంటే రోజుకు మిగిలిపోయింది నలభై క్యాలరీలు. రెండు చెంచాల చక్కెర! బరువు పెరిగేకొద్దీ ఆ బరువును మోయడానికి ఒంటి ఖర్చు కూడా కాస్త పెరుగుతుంది కాబట్టి అసలు తేడా ఇంతకన్నా ఎక్కువే, అయినా కంటికి కనిపించేంత పెద్దది కాదు. "నేనేమీ ఎక్కువ తినడం లేదు" అని మీరు అంటే నేను నమ్మేది అందుకే. మీరు అబద్ధం ఆడటం లేదు, ఆ తేడా పట్టుకోలేనంత చిన్నది.

అయితే కంటికి కనిపించనివి రెండు మూడు వంటింట్లో ఉన్నాయి. నలుగురున్న ఇంటికి నెలకు ఆరు లీటర్ల నూనె అవుతోందన్నారు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, ఆరు లీటర్లను నలుగురికి, ముప్ఫై రోజులకు పంచితే మనిషికి రోజుకు 45 గ్రాములు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 క్యాలరీలు అవసరమయ్యే మనిషికి నూనె, నెయ్యి లాంటివి కలిపి 27 గ్రాములు చాలన్నారు. ఆ లెక్కన మీ ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు చాలు. మిగిలిన పద్దెనిమిది గ్రాములంటే మనిషికి రోజుకు 160 క్యాలరీల పైమాటే, అది మీరు కప్పు అన్నం దగ్గర చేసిన పొదుపునంతా మింగేస్తోంది. వంకాయ వేపుడు మూకుట్లోకి నూనె క్యాన్ వంచి పోయడం మానేయండి. ఒకటో తారీఖున ఆ నెల నూనె విడిగా పెట్టి, రోజుకు ఇంత అని పొద్దున్నే ఒక చిన్న స్టీలు గిన్నెలోకి తీసుకోండి, నలుగురికీ కలిపి సుమారు ఎనిమిది టేబుల్ స్పూన్లు. పోపుకైనా, వేపుడుకైనా, దోసెకైనా అందులోంచే. మొదటి వారం సాయంత్రానికే గిన్నె ఖాళీ అవుతుంది, అప్పుడు ఎవరూ చెప్పకుండానే వేపుడు ఎక్కడ తగ్గించాలో మీకే తెలుస్తుంది. రెండోది, అమ్మాయి వదిలేసిన సగం పరాటా, గిన్నె అడుగున మిగిలిన పులిహోర. అన్నం పారేయడానికి చేతులు రావు, నాకూ రావు. కానీ అది డబ్బాలో పెట్టి మర్నాడు లెక్కలో తినాల్సిన అన్నం, నిలబడి నోట్లో వేసుకునే అన్నం కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. ముప్ఫైల తర్వాత, ఏమీ చేయకుండా ఉంటే, పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం దాకా కండ కరిగిపోతూ ఉంటుంది. కండ పెంచితే కూర్చున్న చోటే బోలెడు క్యాలరీలు ఖర్చవుతాయని వీడియోల్లో చెబుతుంటారు, అది అతిశయోక్తి, కిలో కండ విశ్రాంతిలో రోజుకు పదమూడు క్యాలరీల చొప్పునే వాడుకుంటుంది. కండ విలువ వేరే. మనం తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువ భాగం పీల్చుకునేది కండే. మెట్లెక్కించేది, బకెట్టు ఎత్తించేది, రేపు డెబ్బై ఏళ్లకు మంచం మీంచి లేపేదీ అదే. అది తగ్గితే మనిషి కదలడం తగ్గిస్తుంది, కదలిక తగ్గితే అది ఇంకా కరుగుతుంది. "మెటబాలిజం మందగించింది" అని మనం అంటున్నదాంట్లో ఎక్కువ భాగం ఈ జారుడే. నెలసరి ఆగే ముందు కాలంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గడం వల్ల తొడల దగ్గర చేరాల్సిన కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, ఒళ్లంతా వేడి ఆవిర్లు వచ్చి రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు తీపి మీదికి మనసు పోతుంది. అది నిజమైన మార్పే, మీ ఊహ కాదు. రాత్రిళ్లు చెమటలతో అసలు నిద్రే లేకపోతే గైనకాలజిస్టుతో మాట్లాడండి, దానికి వైద్యం ఉంది.

మీరు రాసిన తిండిని లెక్కగడితే ప్రొటీన్ ముప్ఫై, ముప్ఫై అయిదు గ్రాముల దగ్గర ఆగిపోయింది. కిలో బరువుకు కనీసం 0.83 గ్రాములు అన్న లెక్కన మీకు 57 గ్రాములు కావాలి, కండ నిలబెట్టుకోవాలంటే 65, 70 దాకా వెళ్లినా మంచిదే, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా పెంచకూడదు. మీరు తిండి తగ్గించాలనుకున్నప్పుడల్లా మొదట పప్పూ పెరుగూ తగ్గించారు, అన్నం తగ్గితే అవీ తగ్గిపోతాయి మరి. తిరగెయ్యండి. పొద్దున ఇడ్లీతో రెండు ఉడకబెట్టిన గుడ్లు, తినకపోతే పెసరట్టు. మధ్యాహ్నం ముద్దపప్పు లాంటి గట్టి పప్పు ఒక కప్పు, అన్నం దానికి సరిపడా. సాయంత్రం టీతో బిస్కెట్ల బదులు గుప్పెడు ఉడికించిన శనగలు. రాత్రి చపాతీలతో ఆలుగడ్డ కూర కాదు, చికెనో, చేపో, పనీరో, సోయా ముక్కలో. కప్పు పెరుగు ఏదో ఒక పూట తప్పనిసరి.

వ్యాయామానికి జిమ్ అక్కర్లేదు. పొద్దున కుక్కర్ పెడతారు కదా, మూడు విజిల్స్ వచ్చేలోపు వంటగది గట్టు పట్టుకుని గుంజీలు తియ్యండి. చిన్నప్పుడు బళ్లో శిక్షగా తీసినవే, చెవులు మాత్రం పట్టుకోనక్కర్లేదు. వెనక స్టూలు ఉన్నట్టు ఊహించుకుని కూర్చోబోయి లేవాలి, మడమలు నేలకు ఆనే ఉండాలి. పది తీసి, ఊపిరి తీసుకుని, మళ్లీ పది. అదే గట్టు మీద చేతులు ఆనించి ఒళ్లంతా ఏటవాలుగా వంచి లేవడం ఇంకో పది. వారంలో మూడు రోజులు చాలు. దానికి తోడు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, మీరు బండి మీద దింపించుకోవడం మానేసి స్టేషన్‌కు నడిచి వెళితే సగం అక్కడే పూర్తవుతుంది. లిఫ్టు మూడో అంతస్తు దాకా వాడి మిగతా రెండూ ఎక్కండి.

మూడు నాలుగు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గితే చాలు, అది మీ బరువులో అయిదు శాతం, షుగర్‌కూ బీపీకీ అదే పెద్ద మేలు. అత్తగారికి నా నమస్కారం చెప్పండి. నాగోల్ నీళ్లు బాగానే ఉన్నాయని కూడా చెప్పండి.

*సార్/మేడమ్, నాకు 51. మాధాపూర్‌లో ఉద్యోగం. ఎత్తు 5'8", బరువు 68. బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 22.8 అంటే నార్మల్ అని ఆన్‌లైన్‌లో చూపిస్తోంది. కానీ పొట్ట మాత్రం ముందుకొచ్చింది, ప్యాంటు పొట్ట కింద కట్టుకోవాల్సి వస్తోంది. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. నేను లావు కాదు కదా, నాకెందుకు? — మియాపూర్ నుంచి*

2004లో 'లాన్సెట్' పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు శాస్త్రవేత్తలు పక్కపక్కన నిలబడి ఉంటారు, ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు ఇంగ్లండ్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మీ ప్రశ్నకు ఆ ఫొటోయే జవాబు. మన దేశంవాళ్లం చాలామందిమి సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోస్తుంటాం, అందుకే మనకు బీఎంఐ 23 నుంచే అధిక బరువు అంటారు, 25 దాటితే ఊబకాయం కిందికే లెక్క. మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నారు కానీ మీ కండ తక్కువై, కొవ్వు పొట్టలో, కాలేయంలో పేరుకుని ఉండొచ్చు.

ఈ రోజు రాత్రి ఇంట్లో టైలర్ టేపు తీసుకోండి. చొక్కా విప్పి నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యలో వేలు పెట్టి చూసుకోండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, ప్యాంటు కట్టుకునే చోట కొలిచి 34 అంగుళాలు అంటారు. టేపు బిగించకుండా, పొట్ట లోపలికి పీల్చకుండా, ఊపిరి మామూలుగా వదిలి అప్పుడు చూడండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. మీకు 90 దాటుతుందనే నా అనుమానం.

6.1 అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దగ్గరుంది. 5.7 నుంచి 6.4 దాకా ఆ గుమ్మమే. ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పిన అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో ఉంటే, మీలా గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు 13 కోట్ల 60 లక్షల మంది. వీళ్లందరూ లోపలికి వెళ్లాల్సిన పని లేదు. 2006లో వెలువడిన మన దేశపు అధ్యయనంలోనే నడక, తిండి మార్పులతో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, అమెరికాలో ఇంకా గట్టిగా చేయించిన దాంట్లో 58 శాతం తగ్గింది.

మీరు ఉత్తరం చివర పెట్టిన దినచర్య చూశాను. పొద్దున పది నుంచి కుర్చీ, మధ్యలో మూడు నాలుగు ఇరానీ చాయ్‌లు, రాత్రి పదిన్నరకు ఇల్లు, పదకొండుకు అన్నం, పన్నెండుకు పడక. ఇందులో మీ చేతిలో లేనిది ట్రాఫిక్ ఒక్కటే. రాత్రి భోజనాన్ని రెండుగా విడగొట్టండి: ఏడింటికి ఆఫీసులోనే రెండు రొట్టెలు, పప్పు డబ్బాలో తీసుకెళ్లి తినేయండి, ఇంటికొచ్చాక మజ్జిగో, ఒక పండో. మీ జీవితం మొత్తంలో ఈ ఒక్క మార్పే షుగర్‌ను ఎక్కువ కదిలిస్తుందని నాకు నమ్మకం. చాయ్‌లు రెండుకు దించండి, ఇరానీ చాయ్ తీపి చెంచాల్లో కాదు, మరుగుతున్న పాత్రలోనే ఉంటుంది. మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు ఆఫీసు చుట్టూ నడవండి, తిన్న వెంటనే కదిలే కండ చక్కెరను వెంటనే వాడుకుంటుంది. ఆదివారం కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో గంట నడిచేసి వారమంతా కూర్చుంటే సరిపోదు. పైన నాగోల్ చెల్లెమ్మకు రాసిన గుంజీలు మీకూ వర్తిస్తాయి, మీరైతే దండీలు, బస్కీలు కూడా తీయొచ్చు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి నాకు రాయండి. కడుపు స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని ఉంటే డాక్టరుకు తప్పక చూపించండి.

*ఒకే పూట తింటూ మూడు నెలల్లో 8 కిలోలు తగ్గాను. ఆపేశాక ఆరు నెలల్లో 10 పెరిగాను. జుట్టు కూడా బాగా రాలింది. మళ్లీ మొదలుపెట్టమంటారా? — 44 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్*

వద్దు. ఆ ఎనిమిదిలో కొవ్వుతోపాటు కండా పోయింది, తిరిగొచ్చిన పదిలో ఎక్కువ భాగం కొవ్వే. త్రాసు మీద తేడా రెండు కిలోలే అనిపించినా లోపల జరిగిన నష్టం అంతకన్నా ఎక్కువ. మా అక్కకు సరిగ్గా ఇదే జరిగింది. ఒక డైట్ సెంటర్లో వేలకు వేలు కట్టి, పొద్దున ఒక పొడి, రాత్రి ఒక సూప్ మీద నెలలు గడిపింది, మెట్లెక్కితే కాళ్లు వణికేవి, అది కొవ్వు కరగడానికి గుర్తు అన్నారట వాళ్లు. కాదు, కండ కరగడానికి గుర్తు. ఆమె కోలుకోవడానికి ఏడాది పట్టింది, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

జుట్టు రాలడానికి ఐరన్, థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి. తినే వేళలు కుదించడం దానంతటది చెడ్డది కాదు, రాత్రి ఏడున్నరకు తినేసి పొద్దున ఎనిమిది దాకా ఆగడం చాలామందికి సుఖంగా సాగిపోతుంది. కానీ ఒకే పూటలో అరవై గ్రాముల ప్రొటీన్, కూరగాయలు, పండు తినడం చాలామందికి కష్టం. మీరు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తానని కూడా రాశారు. 2010లో ఒక ప్రయోగంలో ఒకే తిండి పెట్టి కొన్నాళ్లు ఎనిమిదిన్నర గంటలు, కొన్నాళ్లు అయిదున్నర గంటలు నిద్రకు అవకాశమిస్తే, నిద్ర తక్కువైన రోజుల్లో కొవ్వు తగ్గడం 55 శాతం పడిపోయింది, బదులుగా కండ ఎక్కువ పోయింది. ముందు నెల రోజులు బరువు చూడకుండా మూడు పూటలా తిని, పదకొండింటికి పడుకోండి. తగ్గించే సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.

*థైరాయిడ్ ఉంది, రోజూ మాత్ర వేసుకుంటున్నాను. పదేళ్లలో 15 కిలోలు పెరిగాను. థైరాయిడ్ ఉన్నవాళ్లు తగ్గరు కదా? — అల్వాల్*

తగ్గుతారమ్మా. థైరాయిడ్ తక్కువైతే దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే, అందులోనూ చాలావరకు నీరూ ఉప్పే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో వచ్చే అంకె) సరైన స్థాయిలో ఉంటే మీరూ మిగతావాళ్లలాగే తగ్గగలరు. మాత్ర వేసుకున్న అయిదు నిమిషాలకే కాఫీ తాగుతున్నట్టు రాశారు, అది మార్చండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగాలి, క్యాల్షియం, ఐరన్ మాత్రలు ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం. మాత్ర ఒంటికి పట్టకపోతే డోసు పెంచుకుంటూ పోవడమే అవుతుంది. ఆరు వారాలు ఇలా చేసి టీఎస్‌హెచ్ చేయించండి.

*మా కాలనీ రోడ్డు మీద సాయంత్రం జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతారు. అన్నం మానేసి రాత్రి అవే నాలుగు తింటున్నాను. ఒక్క కిలో కూడా తగ్గలేదు. — కూకట్‌పల్లి*

జొన్నపిండిలోనూ బియ్యంలోనూ గ్రాముకు గ్రాము క్యాలరీలు ఇంచుమించు ఒకటే. జొన్నలో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు మేలు, కాబట్టి మానొద్దు. కానీ నాలుగు రొట్టెలంటే పెద్ద కంచంలో అన్నం తిన్నట్టే. రెండు చాలు, మిగతా ఖాళీ బెండకాయ, బీరకాయ, పాలకూర పప్పు లాంటివాటితో నింపండి. పచ్చడి నూనెలో అద్దుకుని తింటున్నారేమో కూడా చూసుకోండి.

*మా స్నేహితురాలు వారానికో ఇంజెక్షన్ తీసుకుని 12 కిలోలు తగ్గింది. నాకు 49, బరువు 84 కిలోలు, షుగర్ కూడా ఉంది. నేను తీసుకోవచ్చా? తీసుకుంటే మోసం చేసినట్టు అనిపిస్తోంది. — బంజారాహిల్స్*

మోసం ఏమిటి తల్లీ, బీపీకి మాత్ర వేసుకుంటే మోసమా? ఈ వారపు ఇంజెక్షన్లలో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి, షుగర్‌నూ దించుతాయి. మీ బరువుకు, మీ షుగర్‌కు ఇవి పనికొచ్చే అవకాశం బాగానే ఉంది, నిర్ణయం మాత్రం ఎండోక్రినాలజిస్టుది (హార్మోన్ల డాక్టరుది), స్నేహితురాలిది కాదు. గతంలో క్లోమానికి వాపు వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, ఇప్పుడు షుగర్‌కు ఏ మందులు వాడుతున్నారు, ఇవన్నీ డాక్టరుకు చెప్పాలి. వాంతులు, మలబద్ధకం మొదటి నెలల్లో మామూలే.

నా భయం వేరే. ఆకలి లేదని రోజంతా రెండు బిస్కెట్లు, ఒక కాఫీతో గడిపేవాళ్లను చూస్తున్నాను. అలా తగ్గిన బరువులో కండ చాలా పోతుంది. ఆపేస్తే బరువు తిరిగొచ్చే అలవాటు ఈ మందులకు ఉంది, సెమాగ్లూటైడ్ అధ్యయనంలో ఆపిన ఏడాదికే తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. ఇప్పటి కండ పోగొట్టుకుని, తర్వాత కొవ్వు తెచ్చుకోవడం అన్నమాట. కాబట్టి ఇంజెక్షన్ మొదలుపెట్టిన రోజే ప్రొటీన్ లెక్క, గుంజీలూ మొదలవ్వాలి. ఎన్నాళ్లు వాడాలి, నెలకు ఎంతవుతుంది, ఆపేటప్పుడు ఎలా ఆపాలి అని మొదటి అపాయింట్‌మెంట్‌లోనే అడగండి.

*నాకు 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, నడవలేను. బరువు 74. అరవై దాటాక మెటబాలిజం తగ్గుతుందని మీరే ఒకసారి రాశారు. ఇంత వయసులో మొదలుపెడితే ఏం లాభం అంటాడు మా అబ్బాయి. — పద్మారావునగర్*

అబ్బాయికి ఇది చదివి వినిపించండి. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉంటున్న, తొంభై ఏళ్లకు అటూ ఇటూ వయసున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించి వ్యాయామం చేయించారు. వాళ్లలో చాలామంది బాగా నీరసించిపోయినవాళ్లే. పూర్తిచేసినవాళ్లకు తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు పెరిగిన కండ అరవై ఆరుకు పెరగదా?

అమ్మా, మీరు నడవకండి ఇప్పుడే. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయించుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది. అందులో కూర్చుని ఒక కాలు మెల్లగా ముందుకు చాచి, మోకాలు నిటారుగా అయ్యేదాకా లేపి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి ఎనిమిదిసార్లు. రెండో వారం నుంచి కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి, మళ్లీ కూర్చోవడం అయిదుసార్లు, కూర్చునేటప్పుడు ధబేలున పడకుండా నెమ్మదిగా, ఆ నెమ్మదిలోనే తొడకు పని పడేది. చేతులకు అరలీటరు నీళ్ల సీసాలు రెండు చాలు. నొప్పి కాస్త తెలిస్తే ఫరవాలేదు, మోకాలు వాచినా, మర్నాటికి నొప్పి పెరిగినా ఆపి ఫిజియోథెరపిస్టును అడగండి. పొద్దున పాలు, మధ్యాహ్నం గట్టి పప్పు, రాత్రి గుడ్డో పెరుగో మానొద్దు. మీ వయసులో నాకు బరువు కన్నా బలం ముఖ్యం. గోడ మీద క్యాలెండర్లో ఈ రోజు దగ్గర ఎన్నిసార్లు కుర్చీలోంచి లేవగలిగారో అంకె వేసి పెట్టండి, రెండు నెలల తర్వాత మళ్లీ వేసి, ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపండి.